ఏఎంసీ (కంప్యూటర్ల ఏడాది నిర్వహణ ఒప్పందం) ఊళ్ళో కుర్రాడికా, బెజవాడ కంపెనీకా?

పాలకొల్లు పైపులు:
పైపులు, మోటార్లు, చెరువు ఏరేటర్ల హోల్‌సేల్. సిస్టమ్‌లు 4, ట్యాలీ గోల్డ్ (అన్ని సిస్టమ్‌లలో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్), బిల్లు ప్రింటర్లు 2, రోడ్డుకి అవతల గోడౌన్. టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పదు. ఊళ్ళో రిపేరు షాపు కుర్రాడు ఏఎంసీకి తక్కువే అడుగుతున్నాడు. బెజవాడ కంపెనీ దానికి మూడింతలు చెప్పి, అంతా రాతపూర్వకంగా ఇస్తానంటోంది. ఎవరికివ్వాలండీ?

తణుకు లెడ్జర్:
కంపెనీకే. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల పైబడ్డ వాళ్ళకి వ్యాపారులకిచ్చే బిల్లు ఐఆర్‌ఎన్ (ఆ పోర్టల్ ఇచ్చే నంబరు) లేకపోతే చట్టం దృష్టిలో బిల్లే కాదు. లారీ లోడై గుమ్మంలో ఉండగా ఐఆర్‌ఎన్ రాకపోతే లోపం ట్యాలీలోనా, నెట్‌లోనా, పోర్టల్‌లోనా అని ఐదు నిమిషాల్లో తేల్చే మనిషి కావాలి. కుర్రాడికి ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) మార్చడం వచ్చు. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) తప్పుకీ పిన్‌కోడ్ తప్పుకీ తేడా తెలియదు.

రాజోలు రౌటర్:
లెడ్జర్ గారూ, బెజవాడలో కూర్చుని ఎనీడెస్క్‌లో (దూరం నుంచి మన స్క్రీను చూసే ప్రోగ్రాం) చూస్తారు సరే, సిస్టమ్ ఆనే కాకపోతే ఏం చూస్తారు? మన వైపు పాడయ్యేవన్నీ చేత్తో పట్టుకుని బాగుచేసేవే. ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు మసకబారతాయి, తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే 10 నిమిషాల పని. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్ళకి చేతులెత్తేస్తుంది. ఎంట్రీ మధ్యలో కరెంటు పోతే ట్యాలీ డేటా చెడిపోవచ్చు. మల్టీమీటర్ న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టించండి, 3 వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవాలి, తర్వాతే ఐటీ వాణ్ణి.

గోడౌన్‌కి క్యాట్-6 వైరు గాల్లో లాగారా? పిడుగు దగ్గర్లో ఎక్కడ పడినా ఆ రాగితీగలో పుట్టే వోల్టేజీ రెండు చివర్లా పోర్టుల్ని కాల్చేయగలదు. స్టీలు తీగ లేని 2 కోర్ల ఫైబర్, చెరో వైపు మీడియా కన్వర్టరు (ఫైబర్‌లోని కాంతిని మామూలు వైరు సిగ్నల్‌గా మార్చే పెట్టె) పెట్టించండి. గాజులో కరెంటు పారదు. క్యాట్-6కి ఉన్న 100 మీటర్ల హద్దు గొడవా ఉండదు.

తణుకు లెడ్జర్:
వైర్ల సంగతి ఒప్పుకుంటా. కానీ ఇలాంటి చోట్ల తరచుగా ట్యాలీ లైసెన్సు కుర్రాడి మెయిల్ ఐడీతో, డొమైన్ అతని పేరు మీద, రౌటర్ పాస్‌వర్డు అతని ఫోన్‌లో ఉంటాయి. రేపు మాటా మాటా వస్తే?

మండపేట తౌడు:
ఆ పని కంపెనీలూ చేస్తాయండీ, ఇంకా ముద్దుగా చేస్తాయి. మన డేటా క్లౌడ్‌లో (నెట్‌లోని వాళ్ళ సర్వర్లలో) పెట్టి యూజర్‌కింత అని అద్దె తీసుకుంటే, అద్దె ఆగిన రోజు డేటా ఎవరిది? మానుకుంటే 7 రోజుల్లో డేటా ఫోల్డరు మొత్తం ఇచ్చెయ్యాలని సంతకానికి ముందే రాయించండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి మరి.

‘కాంప్రహెన్సివ్’ (అన్నీ కలిపి) అన్న మాట చూసి మురిసిపోవద్దు. కింద చిన్నక్షరాల్లో బ్యాటరీ, అడాప్టరు, ప్రింటర్ హెడ్, పిడుగు దెబ్బ వర్తించవని ఉంటుంది. అవి తీసేస్తే మన డెల్టాలో పాడవడానికి ఇంకేం మిగిలింది? ‘4 గంటల్లో స్పందన’ అంటే ఫోనెత్తడమా, మనిషి రావడమా, పని పూర్తవడమా అనేది కూడా అడగండి. నా లెక్కలో హార్డ్‌వేరు కుర్రాడికి, ట్యాలీ, బ్యాకప్ కంపెనీకి.

పాలకొల్లు పైపులు:
ఇద్దరికిస్తే ఒకరి మీద ఒకరు తోసుకోరా? బ్యాకప్ రోజూ సర్వర్‌కి తగిలించిన పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తోంది. ఇంటి నుంచి ట్యాలీ చూసుకోడానికి రౌటర్‌లో ఏదో పోర్టు తెరిచి ఉంది.

రాజోలు రౌటర్:
ఆ పోర్టు నంబరు 3389 (రిమోట్ డెస్క్‌టాప్‌ది) అయితే ఇవాళే మూయించండి! రిమోట్ డెస్క్‌టాప్‌ని నెట్‌కి వదిలేస్తే, పాస్‌వర్డులు వరసపెట్టి కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రంతా తలుపు బాదుతూనే ఉంటాయి. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రాం) లోపలికొచ్చిందంటే డేటాతో పాటు ఆ పెన్‌డ్రైవ్‌కీ తాళమే. వీపీఎన్ (బయటి నుంచి మన నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) పెట్టించుకోండి.

మండపేట తౌడు:
తోసుకుంటారు, అందుకే గట్టు వెయ్యాలి. సిస్టమ్ ఆనై, సర్వర్‌కి పింగ్ (లైను ఉందో లేదో చూసే పరీక్ష) వెళ్తోందంటే కుర్రాడి పని అయిపోయినట్టే. అక్కణ్ణించి కంపెనీది.

బ్యాకప్‌కి రెండు హార్డ్‌డిస్కులు, రోజు విడిచి రోజు మార్చండి. పని లేనిది ఇంటి దగ్గర, అదీ మేడ మీద. నెలకోసారి వేరే సిస్టమ్‌లో ఆల్ట్-వై నొక్కి వేరే ఫోల్డరులోకి రిస్టోర్ చేయించండి. అసలు ఫోల్డరులోకే చేస్తే ఇవాళ్టి ఎంట్రీల మీద పాతవి ఎక్కి కూర్చుంటాయి. ట్రయల్ బ్యాలెన్సు (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) రూపాయి తేడా లేకుండా కలిశాకే ఆ నెల డబ్బులు.

తణుకు లెడ్జర్:
నెలనెలా డబ్బు బిగబడితే మీలాంటి చిన్న పార్టీని కంపెనీయే వదిలేస్తుంది, తౌడు గారూ. మూడు నెలలది ముందే ఇచ్చి, రిస్టోర్ చూపించాలన్న షరతు ఆర్డరులో పెట్టడం మేలు. పైపులు గారూ, ఎవరికిచ్చినా ట్యాలీ లైసెన్సు ఎవరి మెయిల్ మీద ఉందో ముందు తెరిచి చూడండి.