సమస్య: “ప్రేమ మానినపుడె ప్రేమ గెలిచె”

మోడరేటర్: పొద్దున కారులో అమెరికన్ కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ పాట వచ్చింది. 1980 నాటి ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’. చచ్చేదాకా ప్రేమిస్తానన్న మనిషి ఈ రోజే మానేశాడు. అంటే పోయాడు. ఆఫీసు పార్కింగ్‌లో దిగకుండా చివరిదాకా విన్నాను, ఈ పాదం అక్కడే తట్టింది. పూరించండి.

తెనాలి బాబాయి:
చచ్చువరకు ప్రేమ సడలదంచును బల్కి
నవ్వు మరచి బ్రతికె నాతి విడువ;
పెట్టెలోన నేడు పెదవిపై నగవుండె;
ప్రేమ మానినపుడె ప్రేమ గెలిచె.

మోడరేటర్: ‘పాడె’ అనకుండా ‘పెట్టె’ అన్నారు, ప్రాణం అక్కడుంది. పాటలో చూడ్డానికి వెళ్లిన స్నేహితుడికి కనబడేది కూడా ఆ నవ్వే. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటి నవ్వు.

డల్లాస్ కోడలు: నన్ను పాటలోని ఉత్తరాలు వదల్లేదు. 1962 నాటివి, మంచం పక్కనే దాచుకున్నాడు.
ఎర్రగీత గీసె నేనాటి జాబులో
వలపుమాటకెల్ల వరుసబెట్టి;
ఆమె వచ్చె తుదకు వాకిట నిలుచుండె;
ప్రేమ మానినపుడె ప్రేమ గెలిచె.

తెనాలి బాబాయి: ఎర్రగీత బాగుందమ్మా. కానీ మూడో పాదంలో ఆ-వా యతి ఎలా కుదిరింది? పోయిన వారం నా తేటగీతిలో ఒక్క గణం జారితే మూడు రోజులు వదల్లేదు నువ్వు.

డల్లాస్ కోడలు: తప్పే బాబాయిగారూ. “వచ్చె నామె తుదకు” అని మార్చాను. మీ తేటగీతిలో మాత్రం నా బాధ గణం గురించి కాదు. కృష్ణుడు మథురకి వెళ్లిపోయే పద్యంలో రాధ ఊసే లేదు. ఉండిపోయినవాళ్లు లేకుండా వీడ్కోలు ఏమిటండీ? ఇప్పటికీ అదే అంటాను.

ఓరుగల్లు వాసి: యతి కుదిరింది గానీ ఆమె వాకిట్లో ఆగలేదు, కడసారి చూపుకి లోపలికే వచ్చింది. ఆ ముక్క జోన్స్ పాడడు, మామూలు గొంతుతో చెబుతాడు. రాసిన బాబీ బ్రాడాక్, కర్లీ పుట్‌మన్‌ల చేత నిర్మాత బిల్లీ షెరిల్ పాటని మళ్లీ మళ్లీ తిరగరాయించాడు. అయినా ఆమె వచ్చింది కాబట్టి ప్రేమ గెలిచిందంటే, రాకపోతే ఓడినట్టా? నాది చూడండి.
గాయమయ్యె వలపు కడులోతు గుండెలో
మందు లేక యేండ్లు మండి మండి;
మట్టి గప్పువేళ మాయమయ్యెను నొప్పి;
ప్రేమ మానినపుడె ప్రేమ గెలిచె.

మోడరేటర్: పుండు మానినట్టు మానింది! పాదం ఇచ్చిన నాకే ఈ అర్థం తట్టలేదు.

తెనాలి బాబాయి: ఒప్పుకుంటున్నాను, నా పూరణ కంటే ఇది ఒక మెట్టు పైన. కానీ పుండు మానినా మచ్చ ఉంటుంది. మచ్చ ఏది?

ఓరుగల్లు వాసి: మచ్చ పాటే బాబాయ్. ఇంత విషాదం ఎవరు కొంటారని జోన్స్ మొదట్లో పెదవి విరిచాడట. 1980, 81 రెండేళ్లూ కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అదే.

డల్లాస్ కోడలు: 2013 మే 2న గ్రాండ్ ఓల్ ఓప్రీ హౌస్ అనే సంగీతశాలలో జోన్స్ అంత్యక్రియలు. మరో కంట్రీ గాయకుడు అలన్ జాక్సన్ ఈ పాటే పాడాడు. చివర్లో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. నేను టీవీలో చూశాను, అప్పటికి ఇల్లు వదిలొచ్చి రెండు నెలలు.

తెనాలి బాబాయి: ఆ టోపీ మీద రేపు పొద్దుటికి ఒకటి రాస్తానమ్మా. యతి నువ్వే చూడాలి.