ఇంధనం అయిపోయిన శాటిలైట్‌లో మళ్ళీ ఎందుకు నింపరు?

కక్ష్యబాట:
చాలా రోజులుగా ఉన్న సందేహం ఇది. టీవీ ప్రసారాలకు వాడే పెద్ద శాటిలైట్లు పదిహేనేళ్ళకు అటూ ఇటూగా రిటైరవుతాయి కదా. చాలావాటిలో పాడైందేమీ ఉండదట, సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లు పనిచేస్తూనే ఉంటాయి, సోలార్ పలకలు కరెంటు ఇస్తూనే ఉంటాయి, తన స్థానంలో నిలబెట్టే చిన్న ఇంజిన్లకు, అదే థ్రస్టర్లకు, ఇంధనం మాత్రం ఉండదు. కోట్ల డాలర్లు పోసి పైకి పంపినదాన్ని అందుకోసం పక్కన పెట్టేయడం నాకు మింగుడుపడటం లేదు. 2020లో ఎమ్ఈవీ-1 అనే వాహనం ఇంటెల్‌శాట్ 901ని పట్టుకుని మళ్ళీ పనిలో పెట్టిందని చదివాను, కానీ అది ఇంధనం నింపలేదట, దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయిందట. అంత దగ్గరికి వెళ్ళగలిగినవాళ్ళు ఒక పైపు పెట్టి నింపడానికి అడ్డేమిటి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

వాల్వ్_మనిషి:
అడ్డు పైపు కాదండి, మూత.

నేను కొన్నేళ్ళు ప్రయోగానికి ముందు శాటిలైట్లలో ఇంధనం నింపే టీమ్‌లో పనిచేశాను. ఇంధనంగా వాడే హైడ్రజీన్ విషం, ఒళ్ళంతా కప్పే సూట్ వేసుకుని బయటి నుంచి వచ్చే గాలి పీలుస్తూ చేసే పని అది, ఆ రోజు మొత్తం టెన్షనే. నింపడం అయ్యాక వాల్వ్ మూస్తారు, లీకు లేదని చూసుకుంటారు, దాని మీద మూత బిగిస్తారు, ఆ మూత వదులుకాకుండా సన్నటి తీగ చుడతారు, చివరికి వేడి, చలి తగలకుండా పొరలు పొరలుగా ఉండే ఇన్సులేషన్ దుప్పటి కప్పేస్తారు. ఆ వాల్వ్‌ను మళ్ళీ ఎవరూ ముట్టుకోరన్న లెక్కతోనే డిజైన్ అంతా ఉంటుంది. అంటే పైన నింపాలంటే ఒక రోబో ఆ దుప్పటి కోసి, తీగ తెంపి, మూత తిప్పి తీసి, లోపలున్నది బయటికి చిమ్మకుండా గొట్టం తగిలించాలి. ఇదంతా అవతలి వస్తువు పట్టుకోవడానికి ఒక పిడి కూడా లేకుండా తేలుతున్నప్పుడు.

చేయలేరని కాదు. 2011లో ఆఖరి షటిల్ మీద నాసా ఒక పెట్టె పంపింది, అందులో అచ్చం ఇలాంటి వాల్వ్‌లు, మూతలు, తీగలు అమర్చారు. స్పేస్ స్టేషన్ బయటున్న డెక్స్‌టర్ రోబోతో తీగలు తెంపించి, మూతలు తీయించి, 2013 జనవరిలో ఇంధనానికి బదులు ఇథనాల్ ఎక్కించి చూపించారు. ఆ తర్వాత నిజం శాటిలైట్ మీద, 1999లో వెళ్ళిన ల్యాండ్‌శాట్ 7 మీద చేద్దామని ఓశామ్-1 అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఖర్చు పెరిగి, గడువులు జరిగి 2024లో దాన్ని ఆపేశారు. అప్పుడు నాసా చెప్పిన కారణాల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది: నింపడానికి వీలుగా కట్టని శాటిలైట్లలో నింపడం అనే దారి నుంచి ఈ రంగమే పక్కకు జరుగుతోందని.

ఎమ్ఈవీ వాళ్ళు మూత జోలికే వెళ్ళలేదు. భూస్థిర కక్ష్యలో, అంటే కింది నుంచి చూస్తే ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించే దారిలో, ఉన్న చాలా శాటిలైట్లకు అక్కడికి చేరడానికి వాడిన పెద్ద ఇంజిన్ ఒకటి ఉంటుంది, చేరాక దానితో పనిలేదు, దాని నాజిల్ గరాటులా తెరిచే ఉంటుంది. ఎమ్ఈవీ ఒక కడ్డీని ఆ గరాటులోకి పోనిచ్చి, సన్నటి మెడ దాటాక కొస విప్పారేలా చేసి, వెనక్కి లాక్కుని బిగించుకుంటుంది. ఇక అక్కడి నుంచి దిశ మార్చడం, స్థానం నిలబెట్టడం అన్నీ ఎమ్ఈవీ ఇంజిన్లతోనే. 901తో డాకింగ్‌ని మామూలు కక్ష్యకు 300 కి.మీ. పైన చేశారు, ఏదైనా తేడా వస్తే పనిచేసే శాటిలైట్ల దారిలో ముక్కలు పడకూడదని. 2021 ఏప్రిల్‌లో ఎమ్ఈవీ-2 అయితే ఇంటెల్‌శాట్ 10-02 పనిలో ఉండగానే దాని స్థానంలోనే పట్టుకుంది.

లెక్కలపక్షి:
పై జవాబు బాగుంది కానీ నాకు ఒక అభ్యంతరం. నింపగలిగినా ప్రతి పాత శాటిలైట్‌కూ నింపడం దండగే. ఇరవై ఏళ్ళ కింద డిజైన్ చేసినదానితో ఇప్పటి శాటిలైట్ పోటీలోకి వస్తే కస్టమర్ కొత్తదాని వైపే వెళతాడు. బ్యాటరీలు, పలకలు కూడా మెల్లగా బలహీనపడతాయి. ఆర్బిట్ ఫ్యాబ్ అనే కంపెనీ భూస్థిర కక్ష్యలో 100 కిలోల హైడ్రజీన్‌కు 2 కోట్ల డాలర్లు అని 2022లో ధర ప్రకటించింది, ఆ డబ్బు తిరిగి రావాలంటే ఆ శాటిలైట్‌కు ఇంకా గిరాకీ ఉండాలి. నా ఉద్దేశంలో ఆపరేటర్‌కు దీనివల్ల నిజంగా దొరికేది టైమ్. కొత్తది ఆలస్యమైతే ఆ స్థానం, ఆ ఫ్రీక్వెన్సీ, ఆ కస్టమర్లు చేజారకుండా ఉండటం. 901 విషయంలో జరిగింది అదే, ఐదేళ్ళ కాలం దక్కింది, 2025లో ఎమ్ఈవీ-1 దాన్ని మళ్ళీ పైనున్న శ్మశాన కక్ష్యలో, అంటే పనైపోయినవాటిని పెట్టే చోట, వదిలేసి విడిపోయింది. ఒకే వాహనం ఒకరి తర్వాత ఒకరికి పనికొస్తోంది, అది ట్యాంకర్ కన్నా మంచి బేరం.

కక్ష్యబాట:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇంకో రెండు అడుగుతాను, ఏమనుకోకండి. బరువు లేని చోట ద్రవం ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి అసలు పారుతుందా? రెండోది, కింద కక్ష్యలో తిరిగే వేల చిన్న శాటిలైట్లకు ఒక ట్యాంకర్ తిరుగుతూ నింపుకుంటూ పోవచ్చు కదా?

వాల్వ్_మనిషి:
పారుతుంది, నెట్టాలి అంతే. 1978లోనే ప్రోగ్రెస్ 1 వెళ్ళి సాల్యూట్ 6 స్టేషన్‌లో ఇంధనం నింపింది, ఇప్పటికీ స్పేస్ స్టేషన్‌కు అలాగే నింపుతున్నారు. 2007లో ఆర్బిటల్ ఎక్స్‌ప్రెస్‌లో మనుషులెవరూ లేకుండా రెండు శాటిలైట్లు హైడ్రజీన్ మార్చుకున్నాయి. చూడండి, ఈ రెండుచోట్లా రెండు వైపులా ముందే ఒకదానికొకటి సరిపోయేలా కట్టారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

కింద కక్ష్యలో చిక్కు వేరు. అక్కడివి ఒక్కొక్కటి ఒక్కో తలంలో, అంటే భూమి చుట్టూ వేర్వేరుగా వాలిన దారుల్లో తిరుగుతాయి. సెకనుకు 7.5 కి.మీ. వేగంతో పోయేది తన దారిని 10 డిగ్రీలు పక్కకు తిప్పాలంటే సెకనుకు సుమారు 1.3 కి.మీ. వేగం మార్పు కావాలి. భూస్థిర కక్ష్యలో ఒక శాటిలైట్‌ను స్థానంలో ఉంచడానికి ఏడాదికి కావాల్సింది సెకనుకు 50 మీటర్ల చిల్లర, అంటే ఆ ఒక్క మలుపు ఖర్చుతో ఇక్కడ పాతికేళ్ళు గడిచిపోతాయి. భూస్థిర కక్ష్యలో అయితే అందరూ దాదాపు ఒకే వలయంలో ఉంటారు, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి మెల్లగా జరిగి వెళ్ళొచ్చు. ఈ వ్యాపారమంతా ముందు అక్కడే మొదలైంది అందుకే.

లెక్కలపక్షి గారు చెప్పిన డబ్బు మాట ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ట్యాంకులో ఎంత మిగిలిందో ఆపరేటర్‌కు కచ్చితంగా తెలియదు, బరువు లేనిచోట మట్టం చూసే కొలత పనిచేయదు, థ్రస్టర్లు ఎంతసేపు మండాయో కూడి, పీడనం, ఉష్ణోగ్రత చూసి లెక్క కట్టాలి. చివర్లో ఆ లెక్కలో పొరపాటు కొన్ని నెలల ఆయుష్షుకు సమానం. శ్మశాన కక్ష్యకు ఎక్కడానికి ఇంధనం మిగలకపోతే అది దారిలోనే చచ్చిపడి మిగతావాటికి ప్రమాదం, అందుకని ముందే ఆపేస్తారు. నింపుకునే మార్గం ఉంటే ఈ భయంతో ముందే ఆపాల్సిన పనిలేదు. వాల్వ్‌కు బదులు పైన తగిలించుకోవడానికి వీలుండే ఒక పోర్టు, దగ్గరికి వచ్చే వాహనం గుర్తుపట్టడానికి పక్కన నాలుగు గుర్తులు, ఈపాటి బరువు కట్టేటప్పుడే ఒప్పుకుంటే చాలు. ఆర్బిట్ ఫ్యాబ్ వాళ్ళ రాఫ్టీ అనే పోర్టు అలాంటిదే, నేలమీద నింపడానికీ అదే వాడొచ్చు.

లెక్కలపక్షి:
కట్టేటప్పుడే పెట్టాలన్న మాటకు నేనూ సరే. పాతవాటికి ఎమ్ఈవీ, కొత్తవాటికి పోర్టు.