ప్రొటీన్ అరిగించే ఎంజైమ్‌ల వల్లే కీళ్ళవాతమా? అమ్మకి పప్పు మాన్పించేశారు

మల్లిక_నెల్లూరు: అమ్మకి రుమటాయిడ్ వచ్చి 9 ఏళ్ళు. పొద్దున లేచాక గంట దాటినా వేళ్ళు ముడుచుకోవు. సంక్రాంతికి ముగ్గు వేయబోతే చిటికెలో పిండి నిలవలేదు, గీత మధ్యలోనే కుప్పగా జారిపోయింది. ఇప్పుడు మా అత్తయ్య "ప్రొటీన్ అరిగించే ఎంజైమ్‌లతోనే ఈ జబ్బు, జన్యువుల్లో తేలిందట" అని పప్పు, గుడ్డు మాన్పించింది. అమ్మ చిక్కిపోతోంది. నాకు ఒకటే టెన్షన్.

రాధ_హన్మకొండ: ముందు పప్పు పెట్టమ్మా. నేనూ ఈ జబ్బు మనిషినే. వాళ్ళు చెప్పే ఎంజైమ్‌లు కడుపులోవి కావు. కీలు లోపలి పొర వాచినప్పుడు అక్కడి కణాలు ఎంఎంపీలు అనే ఎంజైమ్‌లను వదులుతాయి. గుజ్జును తినేసేది అవే. జపాన్‌లో ఎంఎంపీ-3కి రక్తపరీక్ష కూడా చేస్తారు.

బయోకెమ్_మాస్టారు: రాధగారు చెప్పింది నిజం. జన్యువుల దాకా ఎందుకు వెళ్ళారంటే, వాచిన కీలులో ఎంజైమ్ ఎక్కువగా కనిపిస్తే అది జబ్బుకు కారణమో, జబ్బు వల్ల పెరిగిందో తేల్చలేం. జన్యువు పుట్టుకతో వస్తుంది, జబ్బు వచ్చిందని మారదు. అందుకని ఎంజైమ్‌ను పెంచే జన్యు తేడా ఉన్నవాళ్ళకి జబ్బు కూడా ఎక్కువగా వస్తోందా అని చూస్తారు.

అన్నిటికన్నా గట్టిగా నిలిచిన జన్యువు మాత్రం హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1. అక్కడా ఎంజైమ్‌ల పని ఉంది. కణం లోపల కెథెప్సిన్‌లు అనే ఎంజైమ్‌లు ప్రొటీన్‌ను ముక్కలు చేస్తాయి, ఆ జన్యువుతో తయారయ్యే హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్ ఆ ముక్కను తన గాడిలో పట్టుకుని, ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాలకు చూపిస్తుంది. కొందరిలో దాని గాడి ఆకారం వల్ల సొంత ప్రొటీన్ ముక్కలే శత్రువుల్లా కనిపిస్తాయి. అలాగని ఎంజైమ్‌లను ఆపేస్తే సరిపోదు. ఎంఎంపీలను ఆపే మారిమాస్టాట్ అనే మందును క్యాన్సర్‌కి వాడి చూస్తే, చాలామందికి కీళ్ళ నొప్పులు పట్టుకున్నాయి.

మల్లిక_నెల్లూరు: మాస్టారూ, అయితే నాకూ వస్తుందా?

బయోకెమ్_మాస్టారు: రిస్కు కొంచెం ఎక్కువే, కానీ రాసిపెట్టినట్టు కాదు తల్లీ. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సుమారు 15 శాతం మందికే. ఆ హెచ్‌ఎల్‌ఏ రకం ఉండి సిగరెట్ తాగేవాళ్ళకి ప్రమాదం బాగా పెరుగుతుంది.

తెనాలి_వెంకట్: నా తప్పు మీరు చేయకండి. వాపు తగ్గుతుందని ఎవరో చెబితే సెర్రాషియోపెప్టిడేజ్ అనే ఎంజైమ్ బిళ్ళలు వేసుకుంటూ, ఈ జబ్బుకి డాక్టరు ఇచ్చిన మెథోట్రెక్సేట్ మందు ఆపేశాను. ఏడాది తిరిగేసరికి కుడి మణికట్టు వంగిపోయింది, ఇప్పుడు గ్లాసు ఎడమ చేత్తోనే ఎత్తుతా. ఆ బిళ్ళను పనిచేయట్లేదని జపాన్‌లో 2011లోనే మార్కెట్ నుంచి తీసేశారని తర్వాత తెలిసింది.

రాధ_హన్మకొండ: మల్లికా, అమ్మ మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకుంటున్నారా? రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మల్లిక_నెల్లూరు: ఆదివారం రాత్రి ఒక్కసారే అక్కా, డబ్బా మీద పెన్నుతో రాసిపెట్టాను. మీ ఇద్దరి మాటలూ అత్తయ్యకి చదివి వినిపించాను. పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతోంది.