చర్చ: ప్రేమించినందుకు క్షమాపణ చెప్పాలా? కే-పాప్ తారల వ్యక్తిగత జీవితంపై అభిమానులకు ఉన్న హక్కెంత?

నీలిమేఘం (చర్చ ప్రారంభించినవారు)

2024 ఫిబ్రవరి 27న కొరియా వార్తా సంస్థ డిస్పాచ్, ఏస్పా అనే కొరియన్ యువతుల పాప్ బృందానికి చెందిన గాయని కరీనా, నటుడు లీ జే-వుక్ ప్రేమలో ఉన్నారని ఫొటోలతో సహా ప్రకటించింది. ఆమె సంస్థ ఎస్‌ఎం ఎంటర్‌టైన్‌మెంట్ అదే రోజున, ఇద్దరూ ఒకరినొకరు ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నారని చెప్పి వార్తను ధ్రువీకరించింది. కొద్ది రోజులకే సియోల్‌లోని సంస్థ కార్యాలయం ముందుకు ఎలక్ట్రానిక్ తెర బిగించిన ఒక ట్రక్కు వచ్చి నిలిచింది. అభిమానులు ఇచ్చే ప్రేమ చాలలేదా, ఎందుకు ద్రోహం చేశావు, స్వయంగా క్షమాపణ చెప్పకపోతే ఆల్బమ్ అమ్మకాలు పడిపోతాయి, కచేరీల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి అన్న అర్థంలో దానిపై అక్షరాలు కదిలాయి. మార్చి 5న కరీనా తన చేతిరాతతో క్షమాపణ లేఖ రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఏప్రిల్ మొదట్లో ఇద్దరూ విడిపోయినట్లు నటుడి సంస్థ తెలిపింది.

అప్పటికి ఆమె వయస్సు 23 ఏళ్లు. ఆమె ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు, ఏ కార్యక్రమాన్నీ ఎగ్గొట్టలేదు, ఎవరినీ మోసగించలేదు. అందువల్ల ఆ లేఖ రాయవలసిన అగత్యమే లేదని నా అభిప్రాయం. అభిమానికి పాట మీద, ప్రదర్శన మీద, చివరకు టికెట్ ధర మీద కూడా మాట్లాడే హక్కు ఉంది కాని, గాయని సాయంత్రం ఎవరితో భోజనం చేయాలన్న దాని మీద లేదు. దీనితో విభేదించేవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

లెక్కలమాస్టారు

నేను విభేదిస్తున్నాను. అయితే ట్రక్కు మీద వాడిన భాషను సమర్థించడం నా ఉద్దేశం కాదు.

మీరు అభిమానిని శ్రోతగా మాత్రమే చూస్తున్నారు. ఈ పరిశ్రమ అతడిని శ్రోతగా చూడడం ఎప్పుడో మానేసింది. ఫ్యాన్‌సైన్ కార్యక్రమాన్నే తీసుకోండి. గాయని ఎదురుగా కూర్చొని ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే ఆ అవకాశం లాటరీ పద్ధతిలో దక్కుతుంది. కొన్న ప్రతి ఆల్బమూ ఒక లాటరీ చీటీ కనుక, ఒకే ఆల్బమ్‌ను పదుల సంఖ్యలో, కొన్నిసార్లు వందల సంఖ్యలో కొనేవారున్నారు. లోపల ఏ సభ్యురాలి ఫొటోకార్డు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి కోరుకున్న కార్డు దొరికేదాకా కొంటూనే ఉంటారు. 2020లో ఎస్‌ఎం అనుబంధ సంస్థ ప్రారంభించిన బబుల్ యాప్‌లో ఒక్కొక్క కళాకారుడికి విడిగా నెలవారీ చందా చెల్లిస్తే, ఆ కళాకారుడు రాసే సందేశాలు మీ పేరుతో, మీ ఒక్కరికే రాసినట్లుగా మీ ఫోన్‌కు వస్తాయి. "భోజనం చేశావా? జాగ్రత్తగా ఇంటికి వెళ్లు" అన్న ధోరణిలో ఉండే ఆ సందేశాలను సంగీతం అనగలరా? అమ్మిన సరుకు సాన్నిహిత్యం. దానికి డబ్బు కట్టినవాడు, ఆ సాన్నిహిత్యం బూటకమని తేలిన రోజున నిలదీస్తే అతడిని ఉన్మాది అనడం న్యాయం కాదు.

హాన్ నది ఒడ్డున

చదువు కోసం వచ్చి సియోల్‌లోనే స్థిరపడ్డాను కనుక ఇక్కడి సమాజం గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. మన తెలుగు అభిమానుల్లో చాలామంది ఈ గొడవను చూసి, కొరియా ప్రేమను తప్పుగా భావించే ఛాందస సమాజమని అనుకుంటున్నారు. వాస్తవం దీనికి దాదాపు వ్యతిరేకంగా ఉంటుంది. ప్రేమికులు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టి నూరవ రోజును పండుగలా జరుపుకుంటారు, ఒకే రకం ఉంగరాలు తొడుక్కుంటారు. ఫిబ్రవరి 14న స్త్రీలు పురుషులకు చాక్లెట్లు ఇస్తే, మార్చి 14న పురుషులు తిరిగి బహుమతులు ఇస్తారు. ఆ రెండు రోజుల్లోనూ ఏమీ అందనివారు ఏప్రిల్ 14న నల్లని సాస్‌తో చేసిన జజాంగ్‌మ్యన్ నూడుల్స్ తిని తమ ఒంటరితనాన్ని తామే పరిహసించుకుంటారు. టీవీ పెడితే అపరిచితులను ఒక ఇంట్లో ఉంచి జంటలు కుదిర్చే కార్యక్రమాలు వరుసగా కనిపిస్తాయి.

మరోవైపు, ప్రేమించే స్తోమత తమకు లేదనుకునే యువత ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉంది. ప్రేమ, పెళ్లి, పిల్లలు అనే మూడింటినీ వదులుకున్నవారిని "సాంపో" తరం అని 2011 నుంచి పత్రికలు పిలుస్తున్నాయి. సియోల్‌లో ఇంటి అద్దె కోసం ముందుగా కట్టవలసిన మొత్తం, స్థిరమైన ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి రాసే పరీక్షలు, స్త్రీ పురుషుల మధ్య ఇటీవల బాగా పెరిగిన రాజకీయ విభేదం, ఇవన్నీ దానికి కారణాలు. 2023లో సంతాన సాఫల్య రేటు 0.72కు పడిపోయింది. అంటే ఒక స్త్రీకి సగటున ఒక బిడ్డ కూడా లేదు. 2024లో అది 0.75కు చేరితేనే ఊరటగా వార్తలు రాశారు. సియోల్ పక్కనున్న సంగ్నామ్ నగర పాలక సంస్థ 2023లో తానే పెళ్లిచూపుల పెద్దగా మారి ఒంటరి యువతీయువకులకు సామూహిక పరిచయ కార్యక్రమాలు నిర్వహించింది. ప్రేమించండి, పెళ్లి చేసుకోండి అని ప్రభుత్వం బతిమాలుతున్న దేశంలోనే, ప్రేమించిందని తెలిసిన ఒక యువతి క్షమాపణ రాయవలసి వచ్చిందన్న వైరుధ్యాన్ని ఇక్కడివారు కూడా గుర్తించకపోలేదు.

అయితే ఆగ్రహించినవారందరూ ఆమెను పెళ్లాడాలని కలలు కన్నవారు కారు. నాకు తెలిసిన కొరియన్ అభిమానులు చెప్పే ఫిర్యాదు వేరు. "మేము రాత్రంతా మేల్కొని పాటను స్ట్రీమ్ చేశాము, పురస్కారాల కోసం ఓట్లు వేశాము, మెట్రో స్టేషన్లలో పుట్టినరోజు ప్రకటనలకు చందాలు వేసుకున్నాము. ఈ బృందాన్ని మేము కూడా నిర్మించాము. అలాంటప్పుడు దొరికిపోయేంత అజాగ్రత్తగా ఉండడం మా శ్రమను లెక్కచేయకపోవడమే" అంటారు వారు. ఈ వాదనతో నేను ఏకీభవించను కాని, దీన్ని కేవలం అసూయగా కొట్టిపారేస్తే సమస్య అర్థం కాదు. ప్రేమించడంకంటే దొరకడం పెద్ద నేరమైన ఈ వాతావరణంలో డిస్పాచ్ చాలా ఏళ్ల పాటు జనవరి 1న ఒక తారల జంటను బయటపెట్టడం ఆనవాయితీగా చేసుకుంది. అది ఎవరన్న ఎదురుచూపు డిసెంబరులోనే మొదలయ్యేది.

కొత్తచిగురు

ఇక్కడ ఎవరూ ప్రస్తావించనిది స్త్రీల మీద పడే అదనపు భారం. లేఖ రాసింది కరీనా, నటుడు రాయలేదు. మన సినిమా రంగంలోనూ హీరో పెళ్లికి అభిమానులు ఊరంతా ఫ్లెక్సీలు కడతారు, హీరోయిన్‌కు పెళ్లయితే మాత్రం "ఇక అవకాశాలు తగ్గుతాయి" అని చాలా కాలం పాటు రాస్తూ వచ్చారు. కొరియా ఈ విషయంలో మనకంటే భిన్నమేమీ కాదు.

లెక్కలమాస్టారు

కొత్తచిగురు గారి మాట సగం వరకే నిలుస్తుంది. నటుడు రాయకపోవడానికి అతడు పురుషుడు కావడం కంటే నటుడు కావడం ముఖ్య కారణం. నటీనటులు హ్యున్ బిన్, సన్ యే-జిన్ 2022 మార్చిలో పెళ్లి చేసుకుంటే దేశమంతా సంబరపడింది, అక్కడ స్త్రీ పురుష భేదం కనిపించలేదు. నటులు అమ్మేది పాత్రను, ఐడల్స్ (సంస్థలు తీర్చిదిద్దే కే-పాప్ బృందాల తారలు) అమ్మేది తమ నిత్య జీవితాన్ని.

ఐడల్స్‌లో పురుషులేమీ తప్పించుకోలేదు. ఎక్సో బృంద గాయకుడు చెన్ 2020 జనవరిలో తన పెళ్లి విషయం లేఖ ద్వారా తెలియజేస్తే, అతడు బృందం నుంచి వైదొలగాలని ఒక వర్గం అభిమానులు బహిరంగంగా నిరసన తెలిపారు. రైజ్ బృందంలోని సుంగ్‌హాన్ ఉదంతం మరీ తీవ్రమైనది. అరంగేట్రానికి ముందటి వ్యక్తిగత ఫొటోలు బయటకు పొక్కడంతో అతడు 2023 నవంబరులో కార్యక్రమాలు ఆపేశాడు. 2024 అక్టోబరు 11న అతడు తిరిగి వస్తాడని అతడి సంస్థ ఎస్‌ఎం ప్రకటించగానే, కొరియాలో చావు ఇళ్లకు పంపే సంతాప పుష్పచక్రాలు సంస్థ భవనం ముందు బారులు తీరాయి. రెండే రోజుల్లో, అక్టోబరు 13న, అతడు బృందాన్ని వీడుతున్నట్లు ప్రకటన వెలువడింది.

కొత్తచిగురు

సుంగ్‌హాన్ విషయంలో మీరు చెప్పినది అంగీకరిస్తాను. కాని ఎఫ్(ఎక్స్) బృందంలో పాడిన సల్లీని మరచిపోవద్దు. 2014లో ఆమె ప్రేమ విషయం బయటపడిన నాటి నుంచి 2019 అక్టోబరులో ఆమె మరణించే వరకు ఆమె వేసుకున్న దుస్తులు, పెట్టిన ఫొటోలు, మాట్లాడిన మాటలు అన్నింటి మీదా వచ్చినటువంటి ద్వేష వ్యాఖ్యలు ఏ పురుష ఐడల్ మీదా అంత కాలం కొనసాగలేదు. ఆమె మరణం తరువాతే దౌమ్ పోర్టల్ వినోద వార్తల కింద వ్యాఖ్యలను మూసివేసింది, 2020 మార్చిలో మరో పోర్టల్ నేవర్ కూడా అదే పని చేసింది.

తెరవెనుక

చర్చ అంతా అభిమాని వర్సెస్ గాయని అన్నట్లు సాగుతోంది. మూడవ పక్షం హాయిగా నీడలో కూర్చుంది కనుక దాన్ని వెలుగులోకి తేవడం అవసరం.

2018 ఆగస్టులో గాయని హ్యునా, పెంటగాన్ బృందంలోని ఈడాన్ తాము ప్రేమించుకుంటున్నామని చెప్పారు. వారి సంస్థ క్యూబ్ మొదట ఆ వార్తను ఖండించింది, కాదు నిజమేనని వారే ఇంటర్వ్యూలో స్పష్టం చేశారు. సెప్టెంబరులో, వారిపై నమ్మకం పోయిందంటూ ఇద్దరినీ తొలగిస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. వెంటనే సంస్థ షేరు ధర పడిపోవడంతో, ఇంకా తుది నిర్ణయం కాలేదని సవరించుకుంది. ఆ ఏడాది ముగిసేలోగా ఇద్దరూ బయటకు వెళ్లారు. ఇక్కడ శిక్ష వేసింది అభిమానులు కారని, వారి ఆగ్రహాన్ని అంచనా వేసి సంస్థ ముందుగానే శిక్ష వేసిందని గమనించాలి.

ఇక చట్టం సంగతి. 2009లో టీవీఎక్స్‌క్యూ బృంద సభ్యులు ముగ్గురు తమ 13 ఏళ్ల ఒప్పందం మీద ఎస్‌ఎంపై కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ప్రామాణిక ఒప్పంద పత్రాన్ని తెచ్చి, గాయకుల ఒప్పంద కాలాన్ని 7 ఏళ్లకు పరిమితం చేసింది. కళాకారుల వ్యక్తిగత జీవితానికి భంగం కలగకుండా సంస్థ శాయశక్తులా ప్రయత్నించాలని కూడా ప్రామాణిక ఒప్పందం చెబుతుంది. ఆ వాక్యం కాగితం మీద ఉండగానే, అరంగేట్రం చేసిన తొలి మూడేళ్లు ప్రేమ వ్యవహారాలు కూడదన్న జేవైపీ సంస్థ నియమం అందరికీ తెలిసిన విషయంగా కొనసాగింది, టీవీ కార్యక్రమాల్లో హాస్యంగా ప్రస్తావించేవారు కూడా.

కార్మిక చట్టాన్ని ఆశ్రయిద్దామంటే ఆ తలుపూ మూసే ఉంది. న్యూజీన్స్ బృందంలోని హాని 2024 అక్టోబరులో జాతీయ అసెంబ్లీ విచారణకు హాజరై తన పనిచోట ఎదురైన అవమానం గురించి చెప్పింది. నవంబరులో కార్మిక శాఖ కార్యాలయం, ఐడల్స్ కార్మిక ప్రమాణాల చట్టం దృష్టిలో కార్మికులు కారు కనుక పనిచోట వేధింపుల నిబంధన ఆమెకు వర్తించదని తేల్చింది. నిద్ర వేళలు, ఆహారం, నివాసం, ఫోను వాడకం వరకు సంస్థ నిర్దేశించే వ్యక్తి ఉద్యోగి కాదట! కార్మికుడికి ఉండే రక్షణ లేనిచోట వ్యక్తిగత జీవితం మీద ఆంక్షను ఎవరు ప్రశ్నించగలరు? లెక్కలమాస్టారు గారు అమ్మకం గురించి రాశారు. అమ్మినది సంస్థ, లాభంలో పెద్ద వాటా తీసుకున్నది సంస్థ, క్షమాపణ మాత్రం గాయని చేతిరాతతో వచ్చింది.

నీలిమేఘం

తెరవెనుక గారి వాదన నా మొదటి పోస్టులోని లోటును పూరించింది. దానికి ఒక విషయం జోడిస్తాను. అమ్మకాలు పడిపోతాయని ట్రక్కు మీద బెదిరించిన రెండు నెలల తరువాత, 2024 మే నెలలో, ఏస్పా "సూపర్‌నోవా" విడుదలైంది. అది కొరియాలోని ప్రధాన సంగీత సేవ మెలాన్ వారపు చార్టులో 15 వారాలు మొదటి స్థానంలో నిలిచి రికార్డు సృష్టించింది. అంటే సాధారణ శ్రోతలకు ఆ ప్రేమకథతో నిమిత్తమే లేదు.

లెక్కలమాస్టారు

నీలిమేఘం గారు స్ట్రీమింగ్ లెక్క చెప్పి ఆల్బమ్ లెక్క వదిలేశారు. 2023 మేలో వచ్చిన ఏస్పా ఆల్బమ్ తొలి వారంలో 16 లక్షలకు పైగా అమ్ముడుపోతే, 2024 మేలో వచ్చినది 11 లక్షలు దాటి ఆగింది. ఆ ఏడాది ఆల్బమ్ మార్కెట్ మొత్తం తగ్గింది కనుక తరుగుదల అంతటినీ ఈ వ్యవహారానికి అంటగట్టను. కాని పాట వినేవారు వేరు, పెట్టెల కొద్దీ ఆల్బమ్‌లు కొనేవారు వేరు అన్నది ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సంస్థ రెండవ వర్గాన్ని చూసి భయపడుతుంది, ఎందుకంటే దాని బతుకు వారి చేతిలో ఉంది.

హాన్ నది ఒడ్డున

లెక్కలమాస్టారు గారిని ఒక ప్రశ్న అడగదలచాను. ఇది వినియోగదారుడి ఫిర్యాదే అయితే, ట్రక్కు మీద ఆల్బమ్‌ల డబ్బు వాపసు కోరి ఉండవలసింది, బబుల్ చందా తిరిగి ఇమ్మని ఉండవలసింది. వారు కోరింది ఆమె స్వయంగా చెప్పే క్షమాపణ. సరుకు బాగాలేదన్న వినియోగదారుడు దుకాణదారుడి పశ్చాత్తాపం కోరడు. సుంగ్‌హాన్ విషయంలో విదేశీ అభిమానుల్లో చాలామంది అతడు తిరిగి రావాలని సంస్థ ఉత్పత్తులను బహిష్కరించారు. అది వినియోగదారుడి నిరసన, నాకు అభ్యంతరం లేదు. పుష్పచక్రాలు పంపడాన్ని ఆ కోవలోకి ఎలా చేర్చాలో నాకు తెలియడం లేదు.

లెక్కలమాస్టారు

పుష్పచక్రాలను చేర్చను. ట్రక్కు విషయంలో కూడా మీ ప్రశ్న సరైనదే, నా వాదనను అంత మేరకు కుదించుకుంటాను: ఫిర్యాదు చేసే హక్కు ఉంది, దాని చిరునామా సంస్థ. కాని డబ్బు వాపసు ఎందుకు అడగలేదన్న దానికి సమాధానం ఉంది. ఫ్యాన్‌సైన్ లాటరీ కోసం కొన్న ఆల్బమ్‌లను సాధారణంగా తిరిగి తీసుకోరు, బబుల్‌లో గడిచిన నెలకు లెక్క చెప్పేవారు ఉండరు. వాపసు దారి లేనిచోట మనిషి చేతికి అందినదాన్నే అడుగుతాడు, ఇక్కడ చేతికి అందినది 23 ఏళ్ల ఆ అమ్మాయి.

తెరవెనుక

అందినది కాదు, సంస్థ అందించినది. ఆ మార్చి 5న ఎస్‌ఎం తన పేరుతో, "సందేశాలు మేము అమ్మాము, ఆమె జీవితం మా అమ్మకంలో భాగం కాదు" అని ఒక ప్రకటన ఇచ్చి ఉంటే లేఖ అవసరం ఉండేది కాదు. అయితే అదే రోజు బబుల్ చందాదారుల్లో ఎందరు మిగిలేవారన్నది వారి లెక్క. ఆ లెక్క తెలిసే వారు మౌనంగా ఉన్నారని నేను భావిస్తున్నాను.