టచ్‌ప్యాడ్, మౌస్ రెండూ పడకేశాయి, ఎంసెట్ ఫారానికి రేపే ఆఖరు

నల్గొండ_అమ్మ:
మా పాప ఎంసెట్ దరఖాస్తు (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) లేట్ ఫీజు లేకుండా కట్టడానికి రేపే ఆఖరు. పొద్దుట్నుంచి లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ కదలట్లేదు. వైర్‌లెస్ మౌస్ తగిలిస్తే పది నిమిషాలు ఆడి అదీ ఆగింది. కీబోర్డు బానే ఉంది. మూడుసార్లు ఆపి మళ్ళీ పెట్టాను. ఏం చేయాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కడుపుమంట_500:
పై వరసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ ఉంటుంది, ఎఫ్ఎన్ (Fn) కీతో కలిపి నొక్కండి. మావాడు బ్రైట్‌నెస్ పెంచబోయి అది నొక్కాడు. షాపతను లాప్‌టాప్ రెండు రోజులు ఉంచుకుని, నా కళ్ళముందే ఆ కీ నొక్కి 500 తీసుకున్నాడు.

బందరు_లడ్డు:
ఛార్జర్ పీకి చూడండి. నాకు ఛార్జర్ పెడితే బాణం పూనకం వచ్చినట్టు గెంతేది, పీకితే బుద్ధిగా ఉండేది. మా ఇంట్లో ఎర్తింగ్ లేదు, అదీ సంగతి.

చిప్‌లెవల్_గురు:
17 ఏళ్ళుగా బోర్డులు విప్పుతున్నా. ఎర్తింగుకీ టచ్‌ప్యాడుకీ ఏం సంబంధం? నీది డూప్లికేట్ ఛార్జర్ అయ్యుంటుంది.

బందరు_లడ్డు:
ఒరిజినలే గురూగారూ. అదే ఛార్జర్ పక్కింట్లో పెడితే గెంతలేదు. లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందని ఒక్క కస్టమరూ రాలేదా ఈ 17 ఏళ్ళలో?

రిటైర్డ్_లైన్‌మన్:
లడ్డు చెప్పింది నిజమే. ఛార్జర్ లోపలి కెపాసిటర్ నుంచి కాస్త కరెంటు లీకవుతుంది. మూడో పిన్ను సరిగ్గా ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే బాడీ మీదే ఉంటుంది. టచ్‌ప్యాడ్ కూడా మన వేలు తగిలినప్పుడు మారే కెపాసిటెన్స్‌నే (ఛార్జి పట్టి ఉంచే గుణాన్నే) చూస్తుంది కాబట్టి ఆ గోలలో దానికి వేలేదో తెలీదు. సాకెట్‌కి మూడో బొక్క ఉంటే ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎన్నేళ్ళయింది? ఎండాకాలం రెండు బిందెల నీళ్ళయినా పోస్తున్నారా ఎవరైనా?

ఫ్లాటు_బాధితుడు:
మా బిల్డరు ఎర్త్ వైరు మీటరు బోర్డు దాకా తెచ్చి, అక్కడే చుట్ట చుట్టి వదిలేశాడు. కొత్తగా గుంత తవ్విస్తే ఎంతవుతుంది సార్?

చిప్‌లెవల్_గురు:
ఆవిడది గెంతడం కాదు స్వామీ, అసలు కదలట్లేదు. ముందు ప్రశ్న చదవండి. ప్రతివాడూ ఇంజినీరే ఇక్కడ.

బందరు_లడ్డు:
చదివి మీరేం చెప్పారో మరి? ఇంతవరకూ మీ సర్వీసు ఎన్నేళ్ళో తప్ప ఇంకేం రాయలేదు.

నల్గొండ_అమ్మ:
అయ్యా, రేపటిలోగా నేను గుంత తవ్వించలేను. ఛార్జర్ పీకినా, ఆ కీ నొక్కినా కదల్లేదు.

ట్యాబ్_తాత:
ముందు ఫారం నింపేయండమ్మా, రిపేరు తర్వాత. ట్యాబ్ కొడితే ముందు గడిలోకి, షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ కొడితే వెనక్కి. టిక్కు పెట్టడానికి స్పేస్. జిల్లా లాంటి జాబితా వస్తే కింది బాణం. నేను రైలు టికెట్లన్నీ ఇలాగే తీస్తాను.

నీలం_పోర్టు:
మౌస్ రిసీవర్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్క) పక్కన పెన్‌డ్రైవ్ గానీ హార్డ్ డిస్క్ గానీ ఉందా? యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, వైర్‌లెస్ మౌస్ నడిచేదీ అక్కడే. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద పేపర్ రాశారు. రిసీవర్ అవతలి పక్కకి మార్చండి.

చిప్‌లెవల్_గురు:
లడ్డూకి కాదు, మేడమ్‌కి చెప్తున్నా. ఆపి పెట్టడం కాదు, రీస్టార్ట్ కొట్టండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అంటే సగం నిద్రే, డ్రైవర్లు (టచ్‌ప్యాడ్ లాంటివాటిని నడిపే ప్రోగ్రాములు) మళ్ళీ మొదట్నుంచి లేవవు. అయినా కదలకపోతే మూత మూసి బల్ల మీద పెట్టి, ఒక మూల మెల్లగా వేలితో తాకి చూడండి. ఊగుతోందా?

నల్గొండ_అమ్మ:
రాత్రి పదకొండుకి ఫారం అయిపోయింది తాతగారూ, దండం పెట్టాలి మీకు. జిల్లా దగ్గర పాప రెండుసార్లు దాటిపోయి వెనక్కి వచ్చింది. రిసీవర్ పక్కనే మెమోలు స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్ ఉంది. అవతలికి మారిస్తే మౌస్ ఆడుతోంది.
గురుగారూ, రీస్టార్ట్‌తో లాభం లేదు. కానీ లాప్‌టాప్ కుంటి పీటలా ఊగింది. తెరిచి చూస్తే టచ్‌ప్యాడ్ ఒక అంచు అట్టముక్క మందాన పైకి లేచి ఉంది. నెల నుంచి క్లిక్ గట్టిగా పడుతుంటే పాతబడిందిలే అనుకున్నాను.

చిప్‌లెవల్_గురు:
టచ్‌ప్యాడ్ కిందున్న బ్యాటరీ ఉబ్బి దాన్ని పైకి తోస్తోంది. వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, ఆ ఉబ్బు నొక్కొద్దు, గుచ్చొద్దు. చెత్తబుట్టలో వేయడం అసలొద్దు, మంటలంటుకుంటాయి. ఎవరైనా తెలిసినవాళ్ళతో తీయించండి. బ్యాటరీ పోయాక టచ్‌ప్యాడ్ చాలాసార్లు దానంతటదే బాగవుతుంది. మీ ఎర్తింగ్ గొడవ లేకపోతే ఇది నిన్న సాయంత్రమే తేలేది.

బందరు_లడ్డు:
నిన్న సాయంత్రం మీరు నా ఛార్జర్‌ని డూప్లికేట్ అంటున్నారు.

ఫ్లాటు_బాధితుడు:
గుంతకి ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు.