బోరు నీళ్లతో కందిపప్పు ఉడకడం లేదు, రాడ్డుకు పెంకు కడుతోంది

ప్రశ్న (నల్లగొండ నుండి):
నమస్కారం. మేము కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో వాడుకకు బోరు నీళ్లు, తాగడానికి రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు ఉన్నాయి. బోరు నీళ్లతో కడిగిన స్టీలు గంజులు ఆరేసరికి తెల్లటి మచ్చలు తేలుతున్నాయి. నీళ్లు కాచే రాడ్డుకు రెండు నెలల్లోనే గట్టి పెంకు కట్టింది. అన్నిటికంటే బాధ పెడుతున్నది కందిపప్పు. నల్లా నీళ్లు అయిపోయిన రోజు ఎన్ని విజిళ్లు పెట్టినా పలుకుగానే ఉండడంతో మా అత్తమ్మ నా వంటనే తప్పు పడుతున్నారు. నల్లా వచ్చిన రోజు అదే పప్పు మెత్తగా ఉడికి, వేడి జొన్నరొట్టెలోకి అందరూ మారు వడ్డించుకుంటుంటే నాకు కడుపు నిండిపోతుంది. దీనికి మార్గమేమైనా ఉందా? కాచి తాగితే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోతుందని పక్కింటివారు అంటున్నారు, అది నిజమేనా?

జవాబు (దేవరకొండ నుండి):
తప్పు మీ వంటది కాదమ్మా, నీళ్లది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, పప్పులోని కణాలను అతికించి ఉంచే జిగురులాంటి పదార్థమైన పెక్టిన్‌తో కలిసి గింజను గట్టిపరుస్తుంది. అందువల్ల ఒక బిందె నల్లా నీళ్లను పప్పు కోసమే విడిగా మూతపెట్టి ఉంచుకోండి, పప్పును కూడా ఆ నీళ్లలోనే నానబెట్టండి. చింతపండు, మామిడికాయ వంటి పులుపును పప్పు ఉడికిన తరువాతే వేయాలి, ఎందుకంటే పులుపు కూడా ఉడకనివ్వదు. రాడ్డుకు కట్టిన పెంకు కూడా చాలావరకు ఆ కాల్షియమే, నీళ్లు కాగినప్పుడు సున్నపురాయిలా మారి అంటుకుంటుంది. ప్లగ్గు తీసి, రాడ్డు పూర్తిగా చల్లారాక, పెంకు ఉన్న భాగాన్ని మాత్రమే వెనిగర్‌లో గానీ నిమ్మరసం కలిపిన నీళ్లలో గానీ నానబెడితే నురగలా బుడగలు వచ్చి పెంకు వదులుతుంది. కత్తితో గీకవద్దు, పైగొట్టం దెబ్బతింటే షాకు కొడుతుంది. గంజుల మచ్చలకు నానబెట్టిన చింతపండు చాలు.

జవాబు (మర్రిగూడ వైపు నుండి):
ఫ్లోరైడ్ సంగతి వేరుగా చెప్పాలి. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాళ్లు పెరుగుతాయి. తెల్లపొరను చూసి ఫ్లోరైడ్ ఉందనీ, పొర లేదని చూసి ఫ్లోరైడ్ లేదనీ అనుకోరాదు, అది కంటికి, నాలుకకు తెలిసేది కాదు, పరీక్ష చేయించవలసిందే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఉండవచ్చని మన దేశ ప్రమాణం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరుతోనే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు వచ్చిందంటే ఇక్కడి వారు ఎంత అనుభవించారో తెలుస్తుంది. వంగిన నడుములను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగినవాడిగా చెబుతున్నాను, తాగడానికి, వంటకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే వాడండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుండి):
వానకాలంలో మేము మొదటి జల్లును వదిలేసి, తరువాత చూరు నుండి పడే నీళ్లను కాగులో పట్టి తలస్నానానికి వాడుకుంటాము. బోరు నీళ్లతో ఎంత రుద్దినా రాని సబ్బు నురగ ఆ నీళ్లతో ఇట్టే వస్తుంది. వెంట్రుకలు కూడా చిక్కు పడవు. వాన పడిన ఆదివారం మా ఇంట్లో పిల్లలే ముందుగా బిందెలు తెచ్చి చూరు కింద పెడతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. రాడ్డును రాత్రి వెనిగర్‌లో ఉంచితే ఉదయానికి పెంకు చాలావరకు ఊడింది. నిన్న నల్లా రాని రోజే అయినా, దాచిన బిందె నీళ్లతో పప్పు వండాను. అత్తమ్మ రెండోసారి అడిగి వేయించుకున్నారు.