ప్రెషర్ టెస్ట్ పాసైంది, ఎత్తెక్కితే మాత్రం వేడి: రేడియేటరా, వాటర్ పంపా?

నా బండి ఎత్తెక్కితే ఇంజిన్ వేడెక్కిపోతోంది. ఇంజిన్ చల్లగా ఉండగా రేడియేటర్ మూత మీద రాసిన 1.1 బార్ ఒత్తిడి ఎక్కించి 15 నిమిషాలు ఉంచితే గేజ్ ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. మూత కూడా ఒత్తిడిని సరిగ్గానే వదులుతోంది. థర్మోస్టాట్ (వేడికి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పారనిచ్చే వాల్వ్) వేడినీళ్లలో 82 డిగ్రీలకు తెరుచుకుంటోంది. హెడ్ గాస్కెట్ పరీక్షలో నీలం ద్రవం రంగు మారలేదు, అంటే ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి చేరట్లేదు. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపి పోశాను, లోపలి గాలి పూర్తిగా తీసేశాను.

ఐడిల్‌లో ఏ తేడా లేదు. లోడుతో ఎత్తెక్కుతూ 3000 ఆర్‌పీఎం దాటాకే స్కానర్‌లో 112 డిగ్రీలు చూపిస్తోంది. రేడియేటర్ హోస్‌లకు థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) కట్టి చూస్తే ఆ సమయంలో పై హోస్ 110, కింది హోస్ 82. ఇంత తేడా ఉందంటే గాలి తగలకపోవడం కాదు, కూలెంట్ ప్రవాహమే తక్కువని నా లెక్క. గాలే సమస్యైతే కింది హోస్ కూడా బాగా వేడిగా ఉండాలి కదా.

రేడియేటర్ కోర్ (ట్యూబులుండే భాగం) మీద నల్ల టేపు ముక్కలు అంటించి (మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ రీడింగ్ నమ్మలేం) కొలిస్తే, ఒకే వరుసలో మధ్య ట్యూబుల కంటే అంచు ట్యూబులు 15 డిగ్రీలు చల్లగా ఉన్నాయి.

ఇది ట్యూబులు పూడుకుపోయినట్టేనా? పంపు ఇంపెల్లర్ (కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం) షాఫ్ట్ మీద జారినా ఇలాగే కనిపిస్తుందా? బండి నిలిపి రేస్ చేస్తే కింది హోస్ నొక్కుకుపోవట్లేదు, కానీ లోడులో చూడలేదు. రేడియేటర్ విప్పకుండా ఈ రెండింటినీ విడదీసే పరీక్ష ఏదైనా ఉంటే చెప్పండి.